పొట్లానికి పూచీ ఎవరు?

అమ్మలూ,

మొన్న మియాపూర్‌లో మీ ఇంట్లో నువ్వన్న మాట బస్సెక్కి తెనాలి చేరేదాకా నా చెవిలో తిరుగుతూనే ఉంది. "ఇద్దరం సంపాదిస్తున్నాం, తినేదీ ఇద్దరమే. అయినా వెచ్చాలకే నెలకి 9 వేలు దాటిపోతోంది బాబాయ్, ఎక్కడికి పోతోందో తెలియట్లేదు" అన్నావు. అప్పుడే చెబుదామనుకున్నాను గానీ అల్లుడు పక్కనే ఉన్నాడు. కొత్తగా కాపురం పెట్టిన పిల్లల వంటింట్లో తలదూర్చి లెక్కలు చెప్పే పెద్దవాళ్లంటే నాకే గిట్టదు. అందుకే కాఫీ తాగి, నోరు మూసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చాక మీ పిన్ని ఊరుకోలేదు. "ముప్పై రెండేళ్లు పచారీ కొట్లో గుమస్తాగా కూర్చున్నారు. పిల్ల అడిగిందే ఆ ముక్క. మీరు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?" అంది. నిజమే. నీ ఉద్యోగం గురించి, ఇంటి లోను గురించి హితవు చెప్పే అర్హత నాకు లేదు. పప్పూ ఉప్పూ సంగతి మాత్రం నాకు తెలుసు. కాబట్టి ఈ ఒక్క విషయంలో పెద్దరికం తీసుకుంటున్నాను, విను.

మీ పిన్ని నీ డబ్బాలు సర్దుతుంటే చెత్తబుట్ట పక్కన పెట్టిన ఖాళీ ప్యాకెట్లు నేను చూశాను. గుమస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఉప్పు, పంచదార, కందిపప్పు, బొంబాయి రవ్వ, అటుకులు, గిన్నెలు తోమే సబ్బు, అన్నీ టీవీలో కనిపించే పేర్లే. నువ్వు వెళ్లే ఆ పెద్ద కొట్టువాళ్లు సొంత పేరుతో అమ్మే సరుకు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎందుకని అడిగితే, "అవి చవకరకం కదా బాబాయ్, ఏం కలుపుతారో ఏమో" అన్నావు. ఆ మాట అంటూనే మా ముందు బాదంపప్పు ప్లేటు పెట్టావు. "మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చింది. ఎంత బాగుంటాయో తిని చూడండి" అన్నావు.

ఆ బాదంపప్పు సంచి మీద ఏం రాసుందో ఎప్పుడైనా చూశావా? కిర్క్‌లాండ్ సిగ్నేచర్. మన తెలుగువాళ్లలో ఎవరి పిల్లలు అమెరికాలో ఉన్నా, ఆ సంచి సూట్‌కేసులో చీరల మడతల మధ్య పడుకుని వచ్చి ఫ్రిజ్‌లో కూర్చుంటుంది. చుట్టాలొస్తే గానీ బయటికి రాదు. నేనూ చాలా ఏళ్లు అదేదో గొప్ప బాదంపప్పు కంపెనీ అనుకున్నాను. మీ అన్నయ్య దగ్గరికి డల్లాస్ వెళ్లినప్పుడు వాడు నన్ను కాస్ట్‌కో అనే కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టంటే కొట్టు కాదు, మన మార్కెట్ యార్డులో గోడౌనంత ఉంది. అక్కడ చూద్దును కదా, ఆలివ్ నూనె మీద అదే పేరు, బ్యాటరీల మీద అదే పేరు, చేతులు తుడుచుకునే కాగితాల మీద అదే, చివరికి కుక్కల తిండి మీద కూడా అదే! "ఇదేం కంపెనీరా, అన్నీ చేస్తోంది?" అన్నాను. "కంపెనీ కాదు నాన్నా, ఈ కొట్టువాళ్ల సొంత సరుకు. 1995లో మొదలెట్టారు. అప్పట్లో వీళ్ల పెద్దాఫీసు కిర్క్‌లాండ్ అనే ఊళ్లో ఉండేదట, ఆ ఊరి పేరే పెట్టేశారు" అన్నాడు.

అంటే మా షావుకారు తన కొట్లో కారప్పొడికి 'తెనాలి' అని పేరు పెట్టుకున్నట్టన్నమాట! నాకు నవ్వాగలేదు. మియాపూర్‌లో నువ్వు చవకరకమని పక్కకి నెట్టే జాతి సరుకే, సముద్రం దాటి వచ్చేసరికి చుట్టాలకి పెట్టే మర్యాదైపోయింది. బాదంపప్పు బాగాలేదనను, బాగానే ఉంది. అందుకే చెబుతున్నాను: కొట్టువాడి సొంత పేరు ఉన్నంత మాత్రాన సరుకు చెడ్డదైపోదు. అలాగని మంచిదైపోతుందనీ కాదు. అది తేల్చుకోవడం ఎలాగో తెలియాలి.

దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. 1983లో నేను కొట్లో చేరేనాటికి గోనె బస్తాల్లో పప్పులు వరసగా నోళ్లు తెరుచుకుని ఉండేవి. అడిగినంత తూచి, పాత పేపరులో పోసి, పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇచ్చేవాళ్లం. ఆ పొట్లం మీద కంపెనీ పేరుండేది కాదు, మహా అయితే పోయిన నెల సినిమా బొమ్మ ఉండేది. అయినా జనం ధైర్యంగా తిన్నారు. ఎందుకంటావు? పప్పులో రాయి తగిలితే పొట్లం పట్టుకుని తిన్నగా షావుకారు బల్ల ముందుకి వచ్చేవాళ్లు.

ఒకసారి ఒక పంతులమ్మగారు పావుకిలో మినప్పప్పు పురుగు పట్టిందని మూడోరోజున పట్టుకొచ్చింది. "మీ డబ్బాలో పట్టిందేమో చూసుకున్నారా అమ్మా?" అని నేను వాదనకి దిగబోయాను. షావుకారుగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. కొత్త పప్పు ఆయనే తూచి, ఆయనే పొట్లం కట్టి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ మెట్లు దిగాక నావైపు తిరిగి, "పప్పు పావుకిలోనేరా. ఆవిడ నోరు మాత్రం ఊరంత" అన్నారు. ఆ రోజు నేను నేర్చుకున్న వ్యాపారం అంతకు ముందూ నేర్చుకోలేదు, ఆ తర్వాతా నేర్చుకోలేదు. పేరు లేని ఆ పొట్లానికి షావుకారు పూచీ. జనం డబ్బిచ్చింది పప్పుకీ, ఆ పూచీకీ.

ఆ తర్వాత ఊళ్లు పెరిగాయి. కొట్టువాడి మొహం మనకి తెలియదు, మన మొహం వాడికి తెలియదు. అప్పుడు ఎక్కడో ఉన్న కంపెనీ ప్యాకెట్ మీద పేరు వేసి, "దీనికి నేను పూచీ" అంది. అది మంచిదే. కల్తీల కాలంలో ఆ పేర్లు మనల్ని కాపాడాయి కూడా. కానీ రాను రాను పేరుకి సోకు ఎక్కింది. టీవీలో ఆట, సినిమాతార నవ్వు, క్రికెట్ మ్యాచ్ మధ్యలో పాట. ఆ డబ్బంతా ఎవరిస్తున్నారు? నువ్వే, రవ్వ ప్యాకెట్‌కి పది రూపాయలు, ఉప్పు ప్యాకెట్‌కి అయిదు రూపాయల చొప్పున. కంపెనీ నుంచి డిపోకి, డిపో నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి, అక్కణ్ణించి కొట్టుకి, ప్రతి మజిలీలోనూ ఒక చెయ్యి పడుతుంది. పెద్ద కొట్టువాడు సొంత సరుకు పెట్టుకున్నప్పుడు ఆ మజిలీలు తగ్గిపోతాయి. మిల్లు దగ్గర లారీల లెక్కన కొంటాడు, ఎక్కడో ఒక యూనిట్‌లో శుభ్రం చేయించి ప్యాక్ చేయిస్తాడు, తన అరలోనే పెట్టుకుంటాడు. పాటలు లేవు, సినిమాతారలు లేరు. చవక అక్కణ్ణించి వస్తుంది. కల్తీ చేస్తే తప్ప చవక రాదనుకోవడం పొరపాటు తల్లీ.

మరి పూచీ ఎవరిది? అదే అసలు ప్రశ్న. డీమార్ట్‌లో ప్రెమియా అనీ, రిలయన్స్ కొట్లలో గుడ్ లైఫ్ అనీ, బిగ్‌బాస్కెట్‌లో బీబీ రాయల్ అనీ పేర్లుంటాయి. ఏ ప్యాకెట్ తీసుకున్నా ముందువైపు బొమ్మ చూడకు, తిరగెయ్యి. వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉంటుంది అసలు జాతకం.

మొదట, తయారు చేసిందెవరో, ప్యాక్ చేసిందెవరో, ఎవరికోసం చేశారో ఊరితో సహా రాసి ఉంటుంది. దాని పక్కనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు. 2006 నాటి ఆహార భద్రత చట్టం పేరున్న కంపెనీకి ఒకటీ, కొట్టువాడి ప్యాకెట్‌కి ఇంకొకటీ లేదు. "ఏం కలుపుతారో ఏమో" అన్న నీ భయానికి ఆ నంబరే మొదటి జవాబు. ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు కూడా అక్కడే ఉండాలి. ఇవేవీ లేని ప్యాకెట్ పది రూపాయలకే వచ్చినా అక్కడే వదిలెయ్యి.

తర్వాత, ఏమేం వేశారో ఆ వరస చదువు. ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది వెనక రాయాలని రూలు. బాదం బిస్కెట్ అని ముందువైపు బాదంకాయంత అక్షరాల్లో రాసి, వెనక వరసలో మైదా, పంచదార, పామాయిల్ దాటాక గానీ బాదం పేరు కనిపించదనుకో, ఆ బాదం ఏపాటిదో నీకే తెలుస్తుంది. పైన పటారం లోన లొటారం అన్నమాట. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి ఆ వరసలు పోల్చు. ఒక్కోసారి పేరున్నదీ పేరు లేనిదీ అక్షరం తేడా లేకుండా ఉంటాయి. అప్పుడు ఎక్కువ డబ్బు దేనికిస్తున్నావో నిన్ను నువ్వే అడుగు.

మూడోది నాకు చాలా ఇష్టమైనది, యూనిట్ ధర. కొన్నేళ్లుగా ఎమ్మార్పీ పక్కన గ్రాముకింతని, కిలోకింతని కూడా అచ్చు వేస్తున్నారు. కిలో కంటే తక్కువున్న ప్యాకెట్ మీద గ్రాము లెక్క, ఎక్కువున్న దాని మీద కిలో లెక్క ఉంటుంది. గ్రాముకి 0.16 రూపాయలంటే కిలోకి 160. వెయ్యితో గుణిస్తే సరి. మా రోజుల్లో ఈ లెక్క గుమస్తా బుర్రలో ఉండేది, ఇప్పుడు ప్యాకెట్ మీదే ఉంది. అయినా ఎవరూ చూడరు.

నూనె దగ్గర ఈ లెక్క మరీ అవసరం. లీటరు పొద్దుతిరుగుడు నూనె తూస్తే సుమారు 910 గ్రాములు. దాని పక్కనే, చూపుకి అంతే ఉండి, 850 గ్రాములే ఉన్న ప్యాకెట్ పెడతారు. ఉదాహరణకి లీటరుది 140, ఆ పక్కది 135 అనుకో. అయిదు రూపాయలు కలిసొచ్చిందని రెండోది బుట్టలో వేస్తావు. లెక్క వెయ్యి: మొదటిది కిలోకి 154 దాకా పడింది, రెండోది 159 దాకా. చవకనుకున్నదే ఖరీదైంది. ఈ మాయ పెద్ద పేర్లలోనూ ఉంది, సొంత సరుకులోనూ ఉంది. కాబట్టి కొట్టువాడి ప్యాకెట్ అనగానే చవకని కళ్లు మూసుకోవద్దు.

నాలుగోది తేదీ. ప్యాక్ చేసిన తేదీ చూడు. రద్దీగా ఉండే కొట్లో సొంత పప్పు గబగబా అమ్ముడుపోతుంది, కాబట్టి తాజాగా ఉంటుంది. అదే సరుకు రద్దీ లేని కొట్లో మూణ్ణెల్లు దుమ్ము తింటూ ఉంటుంది. పురుగు పట్టేది అక్కడే.

ఇంతవరకూ కంటితో చేసే పని. తేల్చాల్సింది నాలుక. మా ఇంట్లో ఒక ఆదివారం నేనూ, మీ పిన్నీ ఈ పరీక్ష పెట్టాం. మీ నాన్న సంగతి నీకు తెలుసుగా, ఇరవై ఏళ్లుగా ఒకే కంపెనీ కందిపప్పు. "ఇంకో పప్పు ముద్దలో పెడితే వాసనబట్టి చెప్పేస్తా" అంటాడు. సరే, ఒకే కుక్కర్‌లో రెండు గిన్నెలు పెట్టాం. ఒకదాంట్లో ఆయన పప్పు, రెండోదాంట్లో కొట్టువాళ్ల సొంత పప్పు. నీళ్లు ఒకటే కొలత, పసుపు ఒకటే చిటికెడు. గుర్తుకి రెండో గిన్నె అంచుకి మీ పిన్ని పసుపు బొట్టు పెట్టింది. రెంటినీ విడివిడిగా ఎనిపి, ఉప్పేసి, నెయ్యేసి వడ్డించాం. మీ నాన్న రెండూ తిని, కళ్లు మూసుకుని ఆలోచించి, "ఇదిగో, ఇదీ నా పప్పు" అని చూపించాడు. పసుపు బొట్టు గిన్నె! ఎదురింటి మేష్టారు అసలు తేడాయే లేదన్నారు. మీ పిన్ని మాత్రం, "రుచి ఒకటే గానీ, ఈ బొట్టు గిన్నెది కాస్త పలుకుగా ఉంది. ఇంకో కూత రానివ్వాలి" అంది. ఆ ఒక్క కూతకి కిలో మీద ముప్పై అయిదు రూపాయలు మిగిలాయి. ఈ సంగతి మీ నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అదేరోజు సాయంత్రం టీ పొడి పరీక్ష కూడా పెట్టాం. అందులో ఎవరికీ బొట్లు అక్కర్లేకపోయింది. మొదటి గుక్కకే అందరూ సొంత సరుకు టీ ఏదో పట్టేశారు. రంగు బాగానే దిగింది, వాసన లేదు. అంతే, ఆ పొడి వాకిట్లో గులాబీ మొక్కకి పోయింది, మేం పాత టీకి వెళ్లిపోయాం. చూశావా, పప్పులో నెగ్గినవాడే టీలో ఓడిపోయాడు. అందుకే కొట్టు మొత్తానికి ఒకే మార్కులు వెయ్యకు. ప్రతి సరుకుకీ విడిగా పరీక్ష పెట్టు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది, అరకిలో ప్యాకెట్ తెచ్చుకుంటే సరుకు సంగతి తెలుస్తుంది. నచ్చితే వచ్చే నెల పెద్దది. నచ్చకపోతే నష్టం అరకిలోనే.

నా అనుభవంలో ధైర్యంగా మార్చుకోదగ్గవి చెబుతాను. ఉప్పు ఉప్పే. 2006 నుంచి తినే ఉప్పు అయోడిన్ లేకుండా అమ్మకూడదు. మన చేతికి వచ్చేసరికి పది లక్షల భాగాల్లో 15 భాగాలకి తగ్గకుండా అయోడిన్ ఉండాలన్నది అందరికీ ఒకటే కొలత. పంచదార మిల్లు నుంచి వస్తుంది. దాంట్లో ఎం-30, ఎస్-30 అని పలుకు పెద్దా చిన్నా తేడా తప్ప, పేరు తియ్యబరిచేదేమీ లేదు. శనగపప్పు, పెసరపప్పు, రవ్వ, అటుకులు, సేమ్యా, ఆవాలు, ధనియాలు కూడా మార్చుకోవచ్చు. కందిపప్పులో తేడా ఉంటుంది గానీ అది పేరు వల్ల కాదు, పండిన నేల వల్ల, మిల్లు ఆడిన తీరు వల్ల. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ నేల గొప్పతనానికి వచ్చింది. అలాంటి ఊరి పేరుకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా నేను తప్పు పట్టను. ఇక నోట్లోకి వెళ్లనివి ఉన్నాయి: చెత్త సంచులు, గిన్నెలు తోమే సబ్బు, ఫినాయిల్, చేతులు తుడుచుకునే కాగితాలు. నీ బిల్లులో పేరు కోసం ఎక్కువ పోతున్నది ఇక్కడే. చెత్త సంచి ఏ కంపెనీదో చూసి మెచ్చుకునే చుట్టాన్ని నేనింతవరకూ చూడలేదు.

మార్చకూడనివి కూడా విను. ఏడాది పాటు నిలవుండే దాంట్లో ప్రయోగాలు వద్దు. ఇది నేను చేసిన వెధవ పని, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఒక ఏడు ఆవకాయ సమయానికి మిరపకాయలు కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, మర పట్టించే ఓపిక లేక, ఒక కొట్టువాళ్ల సొంత కారం రెండు కిలోలు తెచ్చాను. బోలెడు మిగిలిందని మురిసిపోయాను కూడా. కలిపిన రోజు ఎర్రగా నిగనిగలాడింది. శ్రావణమాసం వచ్చేసరికి జాడీ మూత తీస్తే ఇటుకపొడి రంగు. దసరాకి ముక్క మెత్తబడి, ఆవకాయ మొత్తం మూలన పడింది. పాతిక కాయల ఆవకాయ! కారానిదే తప్పో, తడి తగిలిందో దేవుడికి తెలియాలి గానీ, మీ పిన్ని మాత్రం తీర్పు ఆ రోజే చెప్పేసింది. ఆ ఏడాదంతా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, "రెండొందలు మిగిల్చిన మహానుభావుడికి ఆవకాయ వడ్డించనా?" అనేది. అందుకని ఆవకాయ కారం, పూజకి వాడే నెయ్యి, ఇంగువ, నీకు ప్రాణమైన కాఫీ పొడి, వీటి జోలికి వెళ్లకు. రేపు నీకు పాపో బాబో పుడితే పాలపొడి విషయంలో డాక్టరు మాటే మాట, అక్కడ కొట్టు లెక్కలు పనికిరావు. అలాగే అల్లుడికి ఇష్టమైన బిస్కెట్టు కూడా. కాపురంలో అయిదు రూపాయల కోసం మొహం చిన్నబుచ్చుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకటి, నెగ్గిన సరుకు కూడా ఎల్లకాలం అలాగే ఉంటుందనుకోకు. కొట్టువాడు ఈ ఏడు ఒక మిల్లు దగ్గర చేయిస్తాడు, వచ్చే ఏడు ఇంకో మిల్లు. ప్యాకెట్ రంగు మారదు, లోపల సరుకు నానాటికి తీసికట్టు నాగంభొట్టు అవుతుంది. తయారుచేసినవాళ్ల పేరు మారిందేమో అప్పుడప్పుడు వెనకవైపు చూస్తుండు. రెండు, సొంత సరుకు చవకని ఆ కొట్టుకి వెళ్లి, తలుపు దగ్గర పేర్చిన చాక్లెట్లూ, ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న చిప్సూ బుట్ట నిండా వేసుకొస్తే ఇంతసేపూ చెప్పింది బూడిదలో పోసిన పన్నీరే. చీటీ రాసుకుని వెళ్లు. చీటీలో లేనిది బుట్టలో ఉండకూడదు. కడుపు నిండా తిని వెళ్లు, ఆకలితో వెళితే ప్రతి ప్యాకెట్టూ పిలుస్తుంది.

మీ సందు చివర కిరాణా కొట్టు అతన్ని కూడా వదులుకోకు. 2022 జులై 18 నుంచి ముందే తూచి లేబుల్ వేసిన 25 కిలోల వరకు పప్పు, బియ్యం, పిండి ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్‌టీ పడుతోంది. బస్తాలోంచి తీసి నీ ముందు తూచి ఇచ్చే విడి సరుకు మీద అది లేదు. బియ్యం బస్తాల మీద 26 కిలోలని ఎందుకు వేస్తున్నారో ఇప్పుడు అర్థమైందా? కాబట్టి ఒక్కోసారి కిరాణా కొట్టు విడి పప్పు పెద్ద కొట్టు సొంత ప్యాకెట్ కంటే చవకగానే రావచ్చు, ధర కనుక్కో. పైగా రాత్రి తొమ్మిదింటికి పెరుగు తోడు పెట్టడానికి పాలు లేవంటే తలుపు తీసేవాడు అతనే. పురుగు పట్టిన పప్పు తీసుకెళితే నీ మొహం గుర్తుపట్టేదీ అతనే.

పూచీ మాట వచ్చింది గనక అసలు కిటుకు చెబుతాను. పెద్ద కొట్టుకి కొత్తగా వెళుతున్నప్పుడు వాళ్ల సొంత సరుకు ఎలాంటిదో ముందే తెలియదు కదా. బాగాలేని ప్యాకెట్ ఒకటి తగిలితే బిల్లుతో సహా పట్టుకెళ్లి వెనక్కివ్వు. మొహమాటపడకు. వాళ్లు మారు మాట్లాడకుండా మార్చి ఇస్తే, ఆ కొట్లో మా షావుకారు ఆత్మ ఇంకా బతికే ఉందని నమ్మి మిగతా సరుకులు కూడా పరీక్షించు. "ప్యాకెట్ చింపారు, తీసుకోం" అని వాదించారనుకో, వాళ్ల సొంత పేరుకి వాళ్లే పూచీ పడట్లేదన్నమాట. అక్కడ పేరున్న కంపెనీ సరుకే కొనుక్కో.

ఇక నీ 9 వేల లెక్క. నువ్వు ఫ్రిజ్ మీద పెట్టిన బిల్లు నేను ఫోటో తీసుకొచ్చాను, కోప్పడకు. పెన్సిల్ పెట్టుకుని కూర్చుని, పైన చెప్పిన వాటికి మాత్రమే సొంత సరుకు ధర వేసి చూశాను. పప్పులు, రవ్వలు, పోపు సామాన్ల దగ్గర 350 తగ్గింది. సబ్బులు, సంచులు, ఫినాయిల్ దగ్గర ఇంకో 200. మొత్తం నెలకి 550 రూపాయలు. కాఫీ, నెయ్యి, బిస్కెట్లు ముట్టుకోలేదు. 550 అంటే నీకు నవ్వొస్తుందేమో, మీ ఆఫీసు దగ్గర ఇద్దరు ఒకపూట కాఫీ తాగి కేకు తింటే అయిపోయే డబ్బు. కానీ ఏడాదికి 6,600. పోస్టాఫీసులో అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్ కట్టావంటే వడ్డీ కాక అసలే 33 వేలు.

అయితే ఒక మాట. మిగిలిన డబ్బుకి చోటు చూపించకపోతే అది మిగలదు. ఉప్పు దగ్గర మిగిలింది చిప్స్ దగ్గర పోతుంది. అందుకే నెల మొదట్లో వెచ్చాలు తెచ్చిన రోజే ఆ 550 డిపాజిట్‌లో వేసెయ్యి. అది దేనికో మీ ఇద్దరూ కూర్చుని ఒక పేరు పెట్టండి. పాపాయి ఉయ్యాలకో, అరకు వెళ్లిరావడానికో. పేర్లకి డబ్బివ్వొద్దని ఇంతసేపూ చెప్పాను గానీ, ఈ ఒక్క పేరుకి మాత్రం ఇవ్వు.

నలుగురు చూస్తే ఏమనుకుంటారోనని నీకు లోపల ఉందని నాకు తెలుసు. ఆ బాధ అక్కర్లేదు. ఇంటికి తెచ్చిన ఏ ప్యాకెట్టయినా కత్తిరించి స్టీలు డబ్బాలో పోస్తాం కదా, డబ్బా మూత పెట్టాక అన్ని పప్పులూ ఒకే కులం. వచ్చిన చుట్టం నీ చేతి పప్పు తిని "ఇంకాస్త వెయ్యమ్మా" అంటాడే గానీ, ప్యాకెట్ చూపించమనడు. ఆ పప్పుకి నువ్వు పూచీ. అంతకు మించిన పేరేముంది?

వచ్చే నెల మేమిద్దరం మళ్లీ వస్తాం. మా కోసం ముద్దపప్పు చెయ్యి. ఏ ప్యాకెట్‌దో నాకు చెప్పకు, తిని నేనే చెబుతాను. మీ నాన్నలా ఓడిపోతే నువ్వు నవ్వుకోవచ్చు. ఆవకాయ మాత్రం మేం తెస్తాం. ఈ ఏడు మిరపకాయలు గుంటూరు నుంచి తెప్పించి, మీ పిన్ని దగ్గరుండి మర పట్టించింది. నన్ను మరదాకా కూడా రానివ్వలేదు.

ఆశీస్సులతో,
మీ బాబాయ్